రెండు కప్పుల మధ్య దోనె

గుంటూరు మనిషి వాన గురించి రాస్తానంటే నవ్వుతారు. మా ఊరికి పేరొచ్చింది ఎండకీ మిరపకాయకీ గానీ వానకి కాదు. అయినా బ్రాడీపేటలో మా తాతయ్య కట్టించిన పెంకుటింట్లో ఏడాది పొడుగునా వాన మాటే నడిచేది. అది కూడా వాన పడుతున్నప్పుడు కాదు, ఎండలు మండిపోతున్నప్పుడు.

ఆ ఇల్లు ఎలా ఉండేదో ముందు చెప్పాలి. వీధి వైపు ఒక పెద్ద కప్పు, దాని కింద వసారా, హాలు, రెండు గదులు. పెరటి వైపు ఇంకో కప్పు, దాని కింద వంటిల్లు, దేవుడి గది, కొట్టుగది. మొదటిది తాతయ్య ఉద్యోగంలో చేరిన కొత్తలో వేయించారు, రెండోది పిల్లలు పుట్టి చోటు చాలకపోతే కలిపారు. రెండూ ఏటవాలు కప్పులే కాబట్టి అవి కలిసే చోట, సరిగ్గా ఇంటి నడుమ, ఒక పల్లం ఏర్పడింది. ముందు కప్పు వెనక వాలు నీళ్ళూ, వెనక కప్పు ముందు వాలు నీళ్ళూ వచ్చి అక్కడే పడాలి. ఆ పల్లంలో ఈ కొస నుంచి ఆ కొస దాకా జింకు రేకుతో చేసిన దోనె. చూరుకి వేలాడే దోనె నిండి పొంగితే నీళ్ళు పెరట్లో పడతాయి, పోనీలే అనుకోవచ్చు. ఇంటి నడుమ దోనె పొంగితే నీళ్ళకి వేరే దారి లేదు. గోడలోకి, గోడ మీది దూలంలోకి, దూలం కింద వరసగా పెట్టిన మా బియ్యం డబ్బాల్లోకి.

తాతయ్య హైస్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పేవారు. మనవలకి ఎక్కాలు వచ్చాయో లేదో కనుక్కోరు గానీ దోనెలో ఏముందో మాత్రం రోజూ కావాలని నాయనమ్మ దెప్పేది. ఆయన లెక్క ఆయనకుంది. "100 చదరపు మీటర్ల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎన్ని లీటర్లే అమ్మడూ?" అని అడిగేవారు. వెయ్యి లీటర్లు. "మరి ఆ వెయ్యి లీటర్లూ ఆ మూలనున్న గొట్టంలోంచే దిగాలి. గొట్టం మూతికి రెండు గుప్పిళ్ళ వేపాకు అడ్డం పడిందనుకో?" ఆ తర్వాత ఏమవుతుందో చెప్పేవారు కాదు. బియ్యం డబ్బాల వైపు చూసి ఊరుకునేవారు.

వేపాకు ఎక్కడిదంటే, పెరటి గోడ అవతలి వేపచెట్టుది. చెట్టు వాళ్ళది, చెత్త మాది. శివరాత్రి నాటికి ఆకు రాలేది, ఉగాదికి పూత రాలేది, ఎండలు ముదిరాక పండ్లు. చిన్న ఆకే కదా ఏమవుతుందిలే అనుకుంటాం గానీ, బాదం ఆకులాంటి పెద్దది గాలికి ఎగిరైనా పోతుంది, వేపాకు పోదు. దోనె అడుగున పొరలుగా పరుచుకుంటుంది, దాని మీద దుమ్ము పడుతుంది, నాలుగు చినుకులు పడగానే ముద్ద కట్టి కూర్చుంటుంది. అయినా చెట్టు కొట్టించమని వాళ్ళని ఎవరూ అడగలేదు. మధ్యాహ్నం దాని నీడ సగం మా పెరట్లోనే పడేది. గుంటూరులో మే నెల గడిపిన వాళ్ళెవరూ ఆ మాట అనరు.

రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు. తాతయ్య సరిగ్గా ఆ కార్తెలోనే దోనె పని పెట్టేవారు, జూన్ 8 ప్రాంతంలో మృగశిర వచ్చేలోగా అయిపోవాలని. తెల్లారుతూనే మొదలు. పొద్దెక్కితే పెంకు మీద కాలు పెట్టలేం. వెదురు నిచ్చెన చూరుకి ఆనించి, ముందు బాబాయి, వెనక తాతయ్య. పెంకు మీద నడవడానికి ఒక పద్ధతి ఉంది. పెంకు నడుమ అడుగు వేస్తే పగులుతుంది. రెండు పెంకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోట, కింద రీపరు, అంటే పెంకులు ఆనే చెక్కపట్టీ, ఉన్న చోట వేస్తే ఆగుతుంది. గోనెసంచులు పరుచుకుంటూ, ఉత్త కాళ్ళతో, పక్కకి పక్కకి జరుగుతూ పోవాలి. "ఆడపిల్లని కప్పెక్కిస్తారా, చోద్యం కాకపోతే!" అని నాయనమ్మ కింద నుంచి కేకలు వేసే సమయానికి నేను అప్పటికే పైన ఉండేదాన్ని. దానికి బరువు లేదు, పెంకు పగలదు అని తాతయ్య వాదన.

దోనెలో ఏం దొరికేవో చెబితే నమ్మరు. పిచ్చుకలు కట్టుకుని వదిలేసిన గూళ్ళు, సంక్రాంతి గాలిపటాల దారం, మేం ఎప్పుడో పోగొట్టుకుని ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పుకున్న రబ్బరు బంతి, కోతులు సగం కొరికి విసిరేసిన జామకాయలు. పైన ఎండుటాకు గలగల్లాడుతూ ఉండేది. చేయి పెట్టి ఎత్తితే అడుగున మాత్రం, అంత రోహిణి ఎండలోనూ, నల్లగా తడిగా ఉండేది. ఆ తడి అడుగుపొరే రేకుకి శత్రువు. ముందు రేకు మీద తెల్లటి పొడి లేస్తుంది, అంటే జింకు పోతోందన్నమాట. అది పోయాక లోపలి ఇనుము ఎర్రగా తుప్పు పడుతుంది. తెల్లపొడి కనిపించినప్పుడే శుభ్రం చేసి ఆరబెడితే ఆ రేకు ఇంకొన్నేళ్ళు బతుకుతుంది, ఎర్రది కనిపిస్తే మేస్త్రికి కబురు పెట్టాల్సిందే. ఈ రెంటికీ తేడా నాకు ఆరో క్లాసులోనే తెలుసు. తీసిన నల్లమట్టి బకెట్లతో కిందికి దించితే నాయనమ్మ దాన్ని పారేయనిచ్చేది కాదు. తులసికోటలో కొంత, మల్లెపాదులో కొంత. అప్పటిదాకా కేకలు వేసిన మనిషే, "ఇంకో బకెట్టు లేదా?" అని అడిగేది.

చెత్త తీయడంతో పని అయిపోదు. వాలు చూడాలి. దోనె పైకి చూస్తే తిన్నగానే ఉంటుంది గానీ, గొట్టం వైపుకి 10 అడుగులకి అర అంగుళం చొప్పున దిగుతూ రావాలి. కింద ఆనించిన చెక్క ఒకటి కుంగినా నడుమ గుంట పడుతుంది, అక్కడ నీళ్ళు నిలుస్తాయి, దోమలు పుడతాయి, ఆకు ఆగుతుంది, రేకు పోతుంది. ఆ గుంట ఎక్కడుందో పట్టుకోవడానికి తాతయ్య మా గోళీలు తీసుకునేవారు. ఎత్తు కొసన ఒక గోళీ వదిలితే అది గలగలమంటూ దొర్లుకుంటూ వచ్చి గొట్టం దగ్గర నా చేతిలో పడాలి. మధ్యలో ఆగిందంటే అక్కడ సుద్దముక్కతో గీత. ఒక్కోసారి గోళీ ఆగీ ఆగనట్టు ఊగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ కదిలేది. అప్పుడు తాతయ్య ముఖంలో కనిపించే ఆనందం, మాకు పరీక్షల్లో ఫస్ట్ మార్కులు వచ్చినప్పుడు కూడా చూడలేదు. తర్వాత చెంబుతో నీళ్ళు పోసి మళ్ళీ చూసేవారు. గోళీ పాసై నీళ్ళు ఫెయిలైన సందర్భాలు కూడా ఉన్నాయి. అవి అతుకుల దగ్గర కారేవి.

అతుకులకి రేకుల మేస్త్రి వచ్చేవాడు. ఆయన వస్తే మాకు పండగ. పెరట్లో బొగ్గుల కుంపటి రాజేసి, రాగి మొన ఉన్న కడ్డీని అందులో పెట్టేవాడు. అది కాలాక, మొనకి పట్టిన మసి పోవడానికి, నవాసాగరం అనే ఉప్పు ముక్క మీద ఒక్క రాపు రాస్తే తెల్లటి పొగ గుప్పున లేచి కళ్ళు మండేవి. మేం పారిపోయి మళ్ళీ వచ్చేవాళ్ళం. మొన తళతళలాడగానే దాన్ని సీసం కడ్డీకి తాకిస్తే చుక్క అంటుకునేది. ఆ చుక్కని మోసుకుంటూ నిచ్చెనెక్కి, యాసిడ్‌తో తుడిచి ఉంచిన అతుకు మీద మెల్లగా లాగేవాడు. సీసం ఒక క్షణం అద్దంలా మెరిసి, ఆ వెంటనే మసకబారేది. మసకబారిందంటే పట్టిందని అర్థం. ఆ లోపు కదిలిస్తే మళ్ళీ మొదటికి.

ఒక ఏడాది ఆయనే ఒక వింత పట్టుకున్నాడు. దోనె అంతా బాగానే ఉండి ఒక్కచోట మాత్రం జల్లెడలాగా చిల్లులు. పైన చూస్తే బాబాయి ఎప్పుడో రేడియో ఏరియల్ కోసం లాగిన రాగితీగ, తెగి వచ్చి దోనెలో పడి ఉంది. "మేష్టారూ, రాగి పక్కన జింకు బతకదండీ, తడి తగిలితే తినేస్తది" అన్నాడు. తాతయ్యకి అంతకంటే ఏం కావాలి? ఆ సాయంత్రం మా అందరినీ కూర్చోబెట్టి, నిమ్మకాయలో రాగితీగ ఒకటీ, పాత టార్చిలైటు సెల్లు పైతొడుగు కత్తిరించిన జింకు ముక్క ఒకటీ గుచ్చి పాఠం చెప్పారు. ఏళ్ళ తరబడి పదో తరగతి వాళ్ళకి ఆ పాఠమే చెప్పి, తన ఇంటి కప్పు మీద జరుగుతుంటే కనిపెట్టలేకపోయానే అని ఆయనకి కొంచెం ఉడుకుమోత్తనం కూడా వచ్చింది. బాబాయి మాత్రం ఆ వారమంతా రేడియో పెట్టలేదు.

రావి మొక్క సంగతి వేరు. కాకులు రెట్టతో పాటు గింజ వేసి పోతే, దోనెకీ గోడకీ మధ్య చీలికలో అది మొలిచేది. రెండాకులున్నప్పుడు చూస్తే ముచ్చటగా ఉంటుంది, రెండేళ్ళు వదిలేస్తే వేరు ఇటుకల్లోకి దిగి గోడనే విడదీస్తుంది. పీకుదామంటే నాయనమ్మ ఒప్పుకోదు, రావిచెట్టు పీకితే పాపం అని. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వేరు తెగకుండా తడిపి తీయాలి, తీసిన దాన్ని గుళ్ళో పూజారి చూపించిన చోట నాటాలి. అలా మా కప్పు నుంచి వెళ్ళిన మొక్కలు ఎన్ని బతికాయో ఆ స్వామికే తెలియాలి.

పడమటి వైపు చూరు దోనె వెనక ఒక తగాదా ఉంది. అది నేను పుట్టకముందు మాట, నాయనమ్మ చెప్పగా విన్నది. మొదట్లో ఆ వైపు దోనె లేదు, చూరు నీళ్ళు నేరుగా పక్కింటి గోడ పునాదిలో పడేవి. పక్కింటాయన ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. ఒకరోజు వచ్చి, "మేష్టారూ, మీ మీద నాకేం కోపం లేదు. కానీ మీ చూరు నీళ్ళు మా స్థలంలో ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా పడితే అది మీకు హక్కైపోతుంది. అందుకని గడువు దాటకముందే అడుగుతున్నా" అన్నాడట. ఆయన చెప్పింది నిజమే. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో ఆ ఇరవై ఏళ్ళ లెక్క ఉంది. ఒకళ్ళ చూరు నీళ్ళు ఇంకొకళ్ళ స్థలంలో పడే హక్కు మీద మన కోర్టుల్లో బోలెడు దావాలు నడిచాయి. తాతయ్యకి మొదట ఒళ్ళు మండింది, రెండిళ్ళ మధ్యా కొన్నాళ్ళు మాటల్లేవు. తర్వాత ఆయనే జింకు రేకు కొనుక్కొచ్చి చూరు పొడుగునా దోనె కట్టించారు.

తమాషా ఏమిటంటే, నాకు ఊహ తెలిసేసరికి ఆ పక్కింటి మామ్మగారే వాన మబ్బు పడితే చాలు గోడ మీంచి పిలిచి, "వదినా, గొట్టం కొస కాస్త ఇటు తిప్పించరాదూ, మా గంగాళం కూడా నిండుతుంది" అనేది. వద్దని తగువు పెట్టుకున్న నీళ్ళే.

ఎందుకంటే మా బోరు నీళ్ళు ఒట్టి చవుడు. సబ్బు నురగ రాదు, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. వాన నీళ్ళలో ఆ చవుడు ఉండదు కాబట్టి పప్పు ఇట్టే మెత్తబడుతుంది, కుంకుడుకాయ రసం పొంగిపోతుంది. కానీ మొదటి వాన నీళ్ళు ముట్టుకోకూడదు. కప్పు మీది దుమ్మూ రెట్టా అందులోనే వస్తాయి. మొదటి వాన నేలకి, రెండోది మొక్కలకి, మూడోది గంగాళానికి అని నాయనమ్మ వరస. గొట్టం కింద ఇత్తడి గంగాళం పెట్టి, మూతికి తాతయ్య పాత పంచె నాలుగు మడతలు వేసి కట్టేది. ఆ రాత్రి పప్పులో నెయ్యి వేసుకుని తింటూ అందరం నీళ్ళని మెచ్చుకునేవాళ్ళం. వండిన అమ్మని మెచ్చుకోవడం ఎవరికీ తోచేది కాదు.

1990 మే నెలలో ఈ వరసంతా తల్లకిందులైంది. రోహిణి రావడానికి ఇంకా రెండు వారాలుంది. ఉగాది పూత, దాని కింద అంతకుముందు రాలిన ఆకు, అన్నీ దోనెలో భద్రంగా ఉన్నాయి. మే 9న తుఫాను కృష్ణా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో తీరం దాటింది. విజయవాడ రేడియోలో ముందు నుంచీ హెచ్చరికలు చెబుతూనే ఉన్నారు. కానీ మే నెలలో తుఫాను అంటే గాలే అనుకున్నాం, తుఫాన్లంటే మనకి దీపావళి దాటాక వచ్చేవే కదా. కరెంటు పోయింది. వసారాలో చూరు పెంకులు ఒకటొకటే లేచి వీధిలో పడి పగులుతున్న చప్పుడు. అంతలో నడిమి గదిలో దూలం మీద ముందు ఒక తడి గీత, తర్వాత గీత పొడుగునా చుక్కలు, తర్వాత ధార.

బియ్యం డబ్బాలు మంచాల మీదికి చేరాయి. తాతయ్య నిచ్చెన తెమ్మంటారు, నాన్న వద్దంటారు. ఆ గాలిలో కప్పెక్కితే మనిషి దక్కడు. అప్పుడు బాబాయికి ఒక ఉపాయం తట్టింది. గొట్టం మూతి ఉన్న మూలలో బల్ల వేసి, దాని మీద స్టూలు వేసి, లోపలి నుంచే ఒక పెంకుని పైకి తోసి పక్కకి జరిపాడు. మా ఇంటికి సీలింగు లేకపోవడం ఆ రాత్రి కలిసొచ్చింది. ఆ కంతలోంచి చేయి భుజం దాకా బయటికి పెట్టి, కళ్ళు మూసుకుని దేవుతున్నాడు. కంతలోంచి పడే నీళ్ళు వాడి ముఖం మీద నుంచి చొక్కాలోకి. నేను కింద లాంతరు పట్టుకుని నిలబడ్డాను. గుప్పెడు వేపపూత ముద్ద లోపలికి లాగి కింద పడేశాడు, మళ్ళీ గుప్పెడు, మళ్ళీ గుప్పెడు. గది అంతా చేదు వాసన. నాలుగో అయిదో గుప్పెడు లాగగానే గోడ అవతల గొట్టంలో గుటగుటమని చప్పుడైంది. ఆ వెంటనే నీళ్ళు ధడధడా దిగడం మొదలుపెట్టాయి. దూలం మీది ధార సన్నబడింది. "దిగుతోందిరా, దిగుతోంది!" అని తాతయ్య చప్పట్లు కొట్టారు.

తెల్లారి నాయనమ్మ ముద్దకట్టిన బియ్యాన్ని చాపల మీద ఆరబోస్తూ ఒక్కటే మాట అంది. "తుఫాను మీ పంచాంగం చూసుకుని రాదుగా!" ఆ మరుసటి ఏడాది నుంచి దోనె పని ఉగాది వెళ్ళిన వారానికి మారింది. వేపపండ్లు రాలిపోయాక ఆషాఢంలో ఒకసారి, దీపావళి తుఫాన్లకి ముందు ఇంకోసారి. గొట్టం మూతికి మేస్త్రి చేత తీగతో బుట్టలాంటి జాలీ కూడా అల్లించారు. జింకు తీగే, రాగిది కాదు.

తర్వాతి కథ గుంటూరులో ఇంటింటి కథే. తాతయ్య పోయారు, నాయనమ్మ పోయింది, అన్నదమ్ములు పంచుకోలేక ఇల్లు బిల్డరుకిచ్చారు. పెంకు దించుతున్న రోజు నేను వెళ్ళలేదు. బాబాయి వెళ్ళి, దోనె రేకు పాత సామాన్ల వాడికి కిలోల లెక్కన అమ్మేశారని చెప్పాడు. ఆ స్థలంలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, అందులో మూడో అంతస్తులో మా వాటా ఫ్లాటు.

ఫ్లాటులో ఉన్నవాళ్ళకి కప్పుతో పనేముంది అనుకుంటాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, ఐదో అంతస్తు వాళ్ళు ఫోన్ చేసి సీలింగులోంచి చెమ్మ దిగుతోందన్నారు. టెర్రస్ తలుపు తీస్తే మడమలు మునిగే నీళ్ళు. వాన పైపులు నాలుగు మూలలా ఉన్నాయి, నాలుగూ మూసుకుపోయాయి. నేనూ వాచ్‌మనూ ఒక్కో మూలా కాళ్ళతో తడుముకుంటూ వెతికి తీశాం. పావురాల ఈకలు, క్యారీబ్యాగులు, ఎవరో ఎండబెట్టిన వడియాల కవరు, కేబుల్ వైరు ముక్కలు. వేపాకు ఒక్కటి కూడా లేదు, ఆ చెట్టు కూడా ఎప్పుడో పోయిందిగా. కిందికి దిగిన నీళ్ళు సెల్లార్ దాటుకుని తిన్నగా రోడ్డు మీదికి పోయాయి. ఇంకుడుగుంత ఒకటి ప్లానులో ఉంది గానీ దాని మీద ఎవరిదో కారు ఉంటుంది.

ఆ నెల అసోసియేషన్ మీటింగులో జాలీలు పెట్టిద్దామన్నాను. నాలుగు జాలీలకి ఎంతవుతుందన్న దాని మీద అరగంట, ప్లాస్టిక్‌వా స్టీలువా అన్న దాని మీద ఇంకో అరగంట. గుండ్రంగా పైకి ఉబ్బి ఉండే రకం తెమ్మని నేను పట్టుబట్టాను. బల్లపరుపుగా ఉండే జాలీ మీద ఒక్క కవరు పరుచుకుంటే చాలు, పైపు ఉన్నా లేనట్టే. ఉబ్బుగా ఉన్నదానికి చెత్త కింద చుట్టూ ఆగినా పై నుంచి నీళ్ళు దిగుతాయి. స్టీలువే వేశాం. కానీ జాలీ పెట్టాక జాలీని శుభ్రం చేసేవాళ్ళు కావాలి కదా. వాచ్‌మన్ తన పని కాదన్నాడు, నిజమే, ఆయన జీతంలో అది లేదు. చివరికి అంతస్తుకి ఒక ఏడాది వంతు అని రాసుకున్నాం. మొదటి ఏడాది ఐదో అంతస్తు వాళ్ళు చేశారు, వాళ్ళ సీలింగు కాబట్టి. రెండో ఏడాది నాలుగో అంతస్తు వాళ్ళు మనిషిని పెట్టి చేయించారు. మా వంతు వచ్చినప్పుడు మా అబ్బాయిని పైకి తీసుకెళ్ళాను. బకెట్టు నీళ్ళు పోసి ఏ మూల నీళ్ళు నిలుస్తున్నాయో చూస్తుంటే, "గూగుల్లో చూసి లెవెల్ యాప్ పెట్టుకోవచ్చు కదమ్మా" అన్నాడు. పెట్టి చూశాం. ఫోను అంతా సమంగానే ఉందంటోంది, నీళ్ళు మాత్రం ఈశాన్యం మూలనే నిలుస్తున్నాయి. వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళని పిలవాలి. దానికి ఎవరెంత వేసుకోవాలన్నది వచ్చే మీటింగులో.